ఎనిమిది ఖాళీ రంధ్రాలు

"పదకొండున్నర దాకా టైమిస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సంతకం పెడితే నిర్లక్ష్యం కేసుతో పోతుంది. పెట్టకపోతే నాతో రావాల్సిందే."

ఆయన చెబుతున్నది నాకు కాదు, మేడమెట్ల మీద కూర్చున్న ఆ ఇంటి చిన్నమ్మాయికి. కాగితం ఆమె పక్కనే మెట్టు మీద ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద పెన్ను కూడా ఆయనే పెట్టాడు.

"పెట్టను," అంది ఆమె తల ఎత్తకుండానే. "ఇప్పుడూ పెట్టను, పదకొండున్నరకీ పెట్టను. మీరు ఊరికే ఎండలో నిలబడకండి, లోపల కుర్చీలున్నాయి."

నా వాచీలో తొమ్మిది నలభై ఐదు.

కాగితంలో ఉన్నది నాలుగే వాక్యాలు. 'నేను బిగించిన కరెంటు పెట్టెలో ఎర్త్ వైరు కలపడం మరిచిపోయాను. పెట్టె ముట్టుకున్న మా నాన్న షాక్ కొట్టి చనిపోయారు. కావాలని చేసింది కాదు. క్షమించవలసిందిగా ప్రార్థన.' చదవడానికి మెత్తగానే ఉంది. కానీ చిన్నమ్మాయి పిల్లల ఆస్పత్రిలో మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్. పసిబిడ్డల ఊపిరి ఆగితే మోగే అలారాలు ఆమె చేతి కింద ఉంటాయి. ఎర్త్ వైరు మరిచిపోయానని సంతకం చేసిన మనిషిని ఆ వార్డు గడప ఎవరూ తొక్కనివ్వరు. సంతకం చెయ్యకపోతే ఇవాళే అరెస్టు.

లాయరుగా నన్ను పిలిపించింది ఆమె అక్క. నిన్న మధ్యాహ్నం నా ఆఫీసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఒకే మాట చెప్పి వెళ్లింది: "నాన్న ఎలాగూ రారు. చెల్లెల్నైనా నాకు మిగల్చండి."

ఇన్‌స్పెక్టర్‌కి నేనంటే పడదు. కిందటేడు ఆయన మూసేసిన కేసు ఒకటి నేను తెరిపించాను. అందుకే నన్ను చూడగానే కానిస్టేబుల్‌తో, ఇవాళ మనకి పాఠం చెప్పడానికి పంతులమ్మ గారు కూడా వచ్చారు, పలక తెచ్చుకున్నావా అన్నాడు. పలక అక్కర్లేదు, కళ్లు తెచ్చుకుంటే చాలన్నాను.

ముందు చిన్నమ్మాయిని అడగవలసినవి అడిగాను. ఆమె చెప్పింది ఇది.

వాళ్ల నాన్న రిటైరైన సైన్సు మాస్టారు. వీధిలో అందరికీ 'రికార్డుల మాస్టారు.' పాత రికార్డు ప్లేయరు ఒకటి బాగుచేసుకున్నారు. ప్లేయరు సూది నుంచి వచ్చే సిగ్నల్ మరీ చిన్నది, నేరుగా యాంప్లిఫయరుకిస్తే చెవికి ఆనదు. దాన్ని పెంచి, సరిచేసి అందించడానికి మధ్యలో ఇంకో పెట్టె కావాలి. దాన్నే ఫోనో ప్రీయాంప్ అంటారు. తయారైనవి బజార్లో దొరుకుతాయి. మాస్టారు మాత్రం తన చేత్తో చేసుకోగలిగినదాన్ని కొనే మనిషి కాదు. పని రెండు పెట్టెలుగా పంచుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంటే పాటలో గుంయ్‌మనే రొద చేరుతుందని కరెంటు పెట్టె విడిగా పెట్టారు. అది కూతురి వంతు. అసలు బోర్డు తండ్రి వంతు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఒప్పందం.

"ఒప్పందమే గానీ, నాన్న రోజూ నా పెట్టె మూత తీసి చూసేవారు," అంది. "నేను ఆయన బోర్డు చూడబోతే మాత్రం, పూర్తయ్యాక వినిపిస్తాను, అప్పటిదాకా పైకి రాకు అనేవారు. బుధవారం వినిపిస్తానన్నారు."

మంగళవారం పోయారు.

ఆ రోజు ఆమె పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్లింది. పది ఇరవైకి ఇంటికొచ్చింది. మేడ మీద ఏ చప్పుడూ లేదు. పిలిచేదాకా రావద్దన్నారు కదా అని కింద తన పని చూసుకుంది. పదకొండింటికి టీ పట్టుకుని పైకి వెళితే నాన్న బల్ల పక్కన నేల మీద ఉన్నారు. కరెంటు పెట్టె దీపం వెలుగుతోంది. రికార్డు తిరుగుతోంది, సూది చివరి గాడిలో ఉంది. ఆమె ముందు ప్లగ్గు పీకి, తర్వాత తండ్రిని ముట్టుకుంది.

ఆ చివరి ముక్క ఇన్‌స్పెక్టర్ తన నోట్‌బుక్కులో గీత గీసి మరీ రాసుకున్నాడు. కింద పడ్డ కన్నతండ్రిని వదిలేసి ముందు ప్లగ్గు దగ్గరికి పరిగెత్తిందంటే కరెంటు సంగతి ఆమెకి ముందే తెలిసినట్టే కదా అని ఆయన వాదన.

చిన్నమ్మాయి మొదటిసారి తలెత్తి ఆయన వైపు చూసింది. "దీపం వెలుగుతున్న మెషిన్ పక్కన మనిషి పడుంటే ముందు ప్లగ్గు పీకాలి సార్. లేకపోతే రెండు శవాలు లేస్తాయి. మా ఉద్యోగంలో మొదటి రోజు నేర్పేది అదే. మీ ఉద్యోగంలో ఏం నేర్పుతారో నాకు తెలీదు."

కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పది గంటలకి మేడ మీదికి వెళ్లాం. మాస్టారి గది చిన్నది. కిటికీ కింద పొడవాటి బల్ల. ఎడమ చివర రికార్డు ప్లేయరు, మధ్యలో మూత తీసిన ప్రీయాంప్ బోర్డు, కుడి పక్క కరెంటు పెట్టె, వెనకాల అరలో యాంప్లిఫయరు. డాక్టరు రిపోర్టు ప్రకారం మరణం పదికీ పదకొండుకీ మధ్య. కుడి అరచేతిలో కాలిన మచ్చ, ఎడమ చేతి వేళ్ల మీద ఇంకోటి. కుడి చెయ్యి పెట్టె మీద, ఎడమ చెయ్యి యాంప్లిఫయరు ఇనప అంచు మీద వేసి ఉంటారు. ఇక్కడిదాకా ఇన్‌స్పెక్టర్‌కీ నాకూ పేచీ లేదు.

ఆయన పెన్ను మొనతో కరెంటు పెట్టెలోని ఆకుపచ్చ వైరు పైకెత్తి చూపించాడు. కొస ఎక్కడా అతికి లేదు. గాలిలో ఉంది.

"ఇదీ కథ," అన్నాడు. "కలపలేదు. మరిచిపోయింది."

నువ్వు వైరు ఎలా అతుకుతావని చిన్నమ్మాయిని అడిగాను. ముందు రాగి తీగని కొక్కెంలా వంచి, పెట్టె గోడకున్న ఇనప బొడిపె కంతలో దూర్చి, ముక్కుపటకారుతో నొక్కి, ఆ తర్వాతే సోల్డరింగ్ చేస్తానంది. సోల్డర్ కరిగినా కొక్కెం ఊడదు. ఆస్పత్రి మెషిన్లకి అలాగే చెయ్యాలట, చేతికి అదే అలవాటైపోయిందట.

పెట్టె గోడకున్న ఎర్త్ బొడిపెని భూతద్దంతో చూశాను. సోల్డర్ ముద్ద మెరుస్తోంది. ముద్దలోంచి గోటి కొసంత రాగి కొక్కెం బయటికి కనిపిస్తోంది. దాని తల నున్నగా, పటకారుతో తుంచినట్టు ఉంది. అద్దం ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాను. మీరు వైరు కొస చూశారు, అది తెగిన చోటు చూడలేదు అన్నాను. ఆయన చూసి అద్దం వెనక్కిచ్చాడు.

అంతటితో ఆగలేదు నేను. మా నాన్న కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ఎర్త్ లేనంత మాత్రాన ఏ పెట్టే మనిషిని చంపదని నాకు అక్షరాల కన్నా ముందు తెలుసు. పెట్టెకి కరెంటు ఎక్కాలి కూడా. సంచిలోంచి మీటరు తీసి ఒక కొస ప్లగ్గులో కరెంటు వచ్చే ఫేజ్ పిన్ను మీద, రెండో కొస పెట్టె గోడ మీద పెట్టాను. మీటరు కీచుమంది. కీచుమనకూడదు.

చిన్నమ్మాయి నా చేతిలోంచి టార్చి లాక్కుని పెట్టెలోకి వంగింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలి కింద, బోల్టు నొక్కుడులో, వెంట్రుకంత రాగి తీగ. ఒక కొస ఫేజ్ మీద, రెండో కొస ఇనుము మీద.

"ఇది నాది కాదు," అంది నెమ్మదిగా. "మొన్న ఆదివారం పొద్దున చెక్ చేశాను. అప్పుడిది లేదు."

కానిస్టేబుల్ ఫొటోలు తీశాడు. నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, ఇది మరుపు కాదు, ఎవరో పనిగట్టుకుని చేసింది, మీ కాగితం ఇక చించెయ్యొచ్చు అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేనేం చేశానో నాకర్థమైంది.

"చించేస్తాను. నిర్లక్ష్యం కాదని మీరే రుజువు చేశారు. ఇది హత్య. ఈ పెట్టె గురించి ఈ ఇంట్లో ఎవరికి బాగా తెలుసు? మాస్టారిని బతికుండగా ఆఖరిసారి చూసిన సాక్షి పది పావుకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఉన్నది ఒక్కతే. రెండేళ్ల శిక్షని యావజ్జీవం చేసి పెట్టారు మేడమ్. మీ ఫీజు ఎంతో గానీ, గిట్టుబాటైంది."

చిన్నమ్మాయి నన్ను చూసి అంది: "మీరు ఆపకండి. తప్పు చేశానని నేనే రాసివ్వడం కన్నా చంపానని వాళ్లు రాసుకోవడమే నయం. అది అబద్ధమని తేలుతుంది. మొదటిది తేలదు."

పదిన్నర అయింది. ఆ సాక్షిని పైకి పిలిపించమన్నాను. కానిస్టేబుల్ వెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ మాట్లాడుతూ వరండాలోకి నడిచాడు. ఆ రెండు నిమిషాల్లో మాస్టారి బోర్డు మీద అద్దం పెట్టాను. వరసలు దిద్దినట్టున్నాయి. నల్లటి చిప్పులు గూళ్లలో కూర్చున్నాయి, దీపం ఉంది, వైర్లున్నాయి. కొత్తవాడు చూస్తే పూర్తయిందనే అనుకుంటాడు. కుడి పక్కన మాత్రం ఎనిమిది రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. చుట్టూ రాగి తళతళలాడుతోంది. వాటి మీద సోల్డర్ ఎప్పుడూ పడలేదు.

ఇక్కడేం ఉండాలని చిన్నమ్మాయిని గొంతు తగ్గించి అడిగాను. ఆమె చూసి ఆశ్చర్యపోయింది. నాలుగు కెపాసిటర్లు, ఎడమకి రెండు, కుడికి రెండు అంది. రికార్డు మీద గాడి కోసేటప్పుడు లావు శబ్దాలని బాగా తగ్గించి, సన్నటివాటిని పెంచి కోస్తారట. లేకపోతే గాడి పట్టదు. తిరిగి దాన్ని మామూలుగా చేసేవి ఈ నాలుగే. అవి లేకుండా వింటే ఎలా ఉంటుందన్నాను. ఆమె చెప్పింది. ఇంకెవరికీ చెప్పకు, పది నిమిషాలు ఆగు అన్నాను.

సాక్షి ఈ ఇంటి పెద్దల్లుడు. బజార్లో ఎలక్ట్రానిక్ పార్టుల షాపు అతనిది. మర్యాదస్థుడు. నాకు నమస్కారం పెట్టి, ఇన్‌స్పెక్టర్‌కి కుర్చీ జరిపి, మరదలి వైపు చూసి నిట్టూర్చాడు. వెనకాలే అతని భార్య, నన్ను పిలిపించిన పెద్దమ్మాయి, గుమ్మంలో నిలబడింది. చెల్లెల్ని కాపాడమని పిలిచింది తనే కాబట్టి, ఆ చెల్లెలికి వ్యతిరేకంగా తన మొగుడే సాక్షి కావడం ఆమెని రెండుగా చీలుస్తోందని చూస్తేనే తెలుస్తోంది.

మంగళవారం సంగతి అడిగితే అతను తడుముకోకుండా చెప్పాడు. తొమ్మిది యాభైకి వచ్చాడు. మామగారితో కబుర్లాడాడు. పది దాటాక మామగారు రికార్డు పెట్టారు. పాట వింటూ పది పావుకి లేచాడు. పదిన్నరకి షాపులో ఉన్నాడు, ముగ్గురు కస్టమర్లు చూశారు.

ఖాళీ చేతులతో వచ్చారా అన్నాను.

"కరెంటు పెట్టె తెచ్చిచ్చానండి. దాని ముందువైపు పలక మీద అక్షరాలు చెక్కించమని ఆదివారం సాయంత్రం మామయ్యే నాకిచ్చారు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. అంటే రెండు రోజులు పెట్టె మీ షాపులో ఉందన్నమాట అన్నాను. పలక చెక్కేవాడికిచ్చి తెచ్చానంతే, లోపల ఏముందో నేను చూడను కూడా లేదు అన్నాడు. పైగా అందులో దోషం ఉండి ఉంటే నా కళ్లముందు అంతసేపు ఎలా పాడిందండీ అని నన్నే అడిగాడు.

"బాగా పాడిందా?"

"బాగానా? డ్రమ్ములు మోగుతుంటే బల్ల అదిరిందండి. కింద గేటు దాకా వచ్చినా గుండెల్లో దడదడమని వినపడుతూనే ఉంది. మామయ్య మొహం వెలిగిపోయింది, పాపం."

"ఈ బోర్డుతోనే?"

"ఇంకేది ఉంది ఇక్కడ?"

పదీ నలభై ఐదు. ఇన్‌స్పెక్టర్‌తో, ఈ బోర్డుతో ఆ రికార్డు మీరూ ఒకసారి వినాలన్నాను. సాక్ష్యం ముట్టుకోనివ్వనన్నాడు. ఫొటోలు తీసుకోండి, చంపిన పెట్టె మీ సీలులోనే ఉంచండి, బోర్డుకి కరెంటు వేరే చోటి నుంచి ఇస్తాం అన్నాను. కుదరదన్నాడు. అయితే కోర్టులో ఇదే అడుగుతాను, అక్కడ జడ్జి గారి ఎదుట మొదటిసారి విందురుగాని అన్నాను. ఆయన వాచీ చూసుకున్నాడు. పదకొండున్నరకి ఇంకా టైముంది, కానివ్వండి అన్నాడు.

చిన్నమ్మాయి కిందికి వెళ్లి తన ఆస్పత్రి సంచిలోంచి టెస్టింగ్ సప్లై తెచ్చింది. బోర్డుకి మూడు వైర్లు తగిలించింది. తండ్రి పోయిన బల్ల ముందు, అదే కుర్చీలో కూర్చుంది. దీపం వెలిగింది. సూది తీసి రికార్డు మీద దింపింది.

స్పీకర్లలోంచి సన్నటి కీచుగొంతు వచ్చింది. పాడుతున్నది మనిషా, డబ్బాలో చిక్కిన తూనీగా తెలియలేదు. 'స' అన్నచోటల్లా పాము బుస. డ్రమ్ములున్నచోట గోటితో అట్టముక్క గీరుతున్నట్టు టిక్కు టిక్కు. చిన్నమ్మాయి వాల్యూమ్ పెంచుతూ పోయింది. బల్ల అదరలేదు. గేటు దాకా ఎందుకు, గది గుమ్మం దాకా కూడా లావు శబ్దం ఒక్కటీ రాలేదు.

ఇన్‌స్పెక్టర్ చెవి స్పీకర్ దగ్గర పెట్టి విన్నాడు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగాడు.

"అందులో కెపాసిటర్లు పీకేశారు సార్," అన్నాడు పెద్దల్లుడు. "ఎవరు పీకేశారో మీకే తెలియాలి."

"పీకెయ్యలేదు," అన్నాను. "అద్దం తీసుకుని మీరే చూడండి. ఆ ఎనిమిది రంధ్రాల మీద సోల్డర్ మచ్చ కూడా లేదు. ఈ బోర్డు ఇంతవరకూ ఏ పాటా పాడలేదు. మీరు షాపులో పార్టులు అమ్ముతారు, ఒక్క బోర్డూ చేత్తో కట్టలేదు. అందుకే చిప్పులుండి దీపం వెలిగితే పూర్తయిందనుకున్నారు. మాస్టారు పడిపోయాక, చప్పుడుకి ఎవరూ పైకి రాకుండా వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, రికార్డు పెట్టి, సూది దింపి వెళ్లారు. ఆ పాట ఎలా ఉండి ఉంటుందో ఊహించి చెప్పారు. విని చెప్పింది కాదది."

పెద్దల్లుడు గోడకానుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అద్దం కింద పెట్టి, చాలా మామూలు గొంతుతో, పది పావుకి మాస్టారు బతికే ఉన్నారని చెప్పడానికి ఆ పాట తప్ప ఇంకేం ఉంది మీ దగ్గర అని అడిగాడు. కానిస్టేబుల్ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెద్దమ్మాయి మొగుణ్ని చూడలేదు. గోడ మీది స్విచ్చు బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయింది.

నాకు మాత్రం ఒకటి మిగిలింది. మాస్టారు ఎందుకు ఆపేశారు? బుధవారం వినిపిస్తానన్న మనిషి మంగళవారం దాకా ఆ నాలుగూ వెయ్యకుండా ఎందుకుంచారు? చిన్నమ్మాయిని అడిగాను.

"ఎడమ, కుడి సమానంగా ఉండాలని నాన్న ప్రతి కెపాసిటర్‌నీ కొలిచి జతలు కట్టేవారు. పాతిక కొలిస్తే నాలుగు దొరికేవి," అంటూ బల్ల మూలనున్న కొలత మీటరు ముందుకి లాగింది. దాని నోట్లో ఒక కెపాసిటర్ ఇంకా అలాగే చిక్కుకుని ఉంది. మీటరు భాగమే అనుకుని ఎవరూ తియ్యలేదు. ఆమె స్విచ్చు వేసింది. మీద అచ్చయిన విలువ ఒకటి, మీటరు చూపిస్తున్నది దానిలో సగం కూడా లేదు. అంకె నిలవకుండా జారిపోతోంది.

స్పిరిట్ సీసా, దూది అందుకుని కెపాసిటర్ వీపు తుడిచింది. అచ్చు దూదికి అంటుకుని వచ్చేసింది. కింద వేరే కంపెనీ గుర్తు, వేరే విలువ, ఎప్పటిదో పాత తేదీ. కాళ్ల మీద పాత సోల్డర్ గీకేసిన గాట్లు. ఎక్కడో వాడి పీకేసిన సరుకుకి కొత్త రంగు వేశారు.

ఇవి పెద్దల్లుడి షాపు నుంచి వచ్చినవేనా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. చిన్నమ్మాయి వినిపించుకోలేదు. కెపాసిటర్ రెండో వైపు ఇంకా తుడవని నీలం అచ్చుని కిటికీ వెలుగులో పెట్టి చదువుతోంది.

"బావా," అంది. "ఈ లాట్ నెంబరు నాకు తెలుసు. కిందటి నెల మా ఆస్పత్రికి నువ్వే ఇచ్చావు. ఆదివారం నాన్న నిన్ను రమ్మన్నది దీని గురించేనా?"

అతను నేల చూశాడు. "అవి అంత తొందరగా పోవు," అన్నాడు. "ఏడాది దాకా ఏం కాదు."

అప్పటిదాకా కదలని పెద్దమ్మాయి రెండడుగులు వేసి వచ్చి చెల్లెలి కుర్చీ వెనక నిలబడింది.

చిన్నమ్మాయి అప్పటికే ఫోన్ తీసింది. పదకొండు అలారం బోర్డుల్లో ఈ లాటే వేశాను, నా చేత్తోనే అతికాను అంటూ నంబరు నొక్కింది. కొక్కెం వంచి, నొక్కి, ఊడకుండా అతికి ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ కాగితం మాటే ఎత్తలేదు. జీపు తాళాలు తీసి, నడవండి, అరెస్టు కాదు, నేనే తీసుకెళతాను అన్నాడు.

మెట్లు దిగుతుండగా ఫోన్ కలిసింది. ఆమె స్పీకర్ నొక్కింది. వార్డు నర్సు గొంతు తీరుబడిగా ఉంది.

"సిస్టర్, నేనే. అలారాలని నమ్మొద్దు. ఒక్కో మంచం దగ్గరా ఒక మనిషిని పెట్టండి, ఊపిరి కళ్లతో చూడమనండి. ఇప్పుడే."

"ఎందుకమ్మా, అన్నీ బాగానే ఉన్నాయి," అంది నర్సు. "రోజూ గంటకోసారి ఊరికే మోగే నాలుగో మంచం మెషినైతే పొద్దుట్నించి ఒక్కసారి కూడా గోల చెయ్యలేదు. పాప ఎంత బుద్ధిగా పడుకుందో."

చిన్నమ్మాయి మిగిలిన మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది.

"సిస్టర్, పరిగెత్తండి."